మాకు దాతలు కొత్త కాదు

"మార్గదర్శి అంటే ఎవురు సార్? అడ్వాన్సు ఎంత ఇస్తాడు? ఎన్నేండ్లు చెయ్యాల?"

2025 వేసవిలో సచివాలయం ముందర వేపచెట్టు కింద మా యానాది కాలనీ పెద్దాయన ఒకాయన నన్ను అడిగిన మాటలివి. పీ4 జాబితాలో తన కుటుంబం ఉందనీ, డబ్బున్న మనిషెవరో తమను దత్తత తీసుకుంటాడనీ ఎవరో చెప్పారట. నాకు నవ్వొచ్చింది. నవ్విన మరుక్షణమే సిగ్గేసింది. ఆయన అడిగినదాంట్లో తప్పేముంది? డబ్బున్నవాడు మన గుడిసె దగ్గరికొచ్చి "నీ కుటుంబాన్ని నేను చూసుకుంటా" అన్నాడంటే దానికి అర్థం ఏమిటో ఆయనకు తెలిసినంత బాగా మన అధికారులకు తెలియదు. అట్లా చూసుకున్నవాళ్ల తోటల్లో, చెరువుగట్ల మీద, రొయ్యల గుంటల పక్కనే ఆయన బతుకంతా గడిచింది.

పీ4 గురించి ఈ పుస్తకం చదివే పంతుళ్లకు నేను చెప్పనక్కర్లేదు. పిల్లలకోసం రెండు మాటలు. 2025 మార్చి 30న, ఉగాది నాడు, రాష్ట్ర ప్రభుత్వం వెలగపూడిలో ఈ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. సమాజంలో పైనున్న 10 శాతం మంది, అట్టడుగునున్న 20 శాతం కుటుంబాలకు చేయూతనివ్వాలి. ఇచ్చేవారు మార్గదర్శులు. పుచ్చుకునేవి బంగారు కుటుంబాలు. అంతకు ముందు 2024 డిసెంబరు 13న విడుదలైన స్వర్ణాంధ్ర 2047 పత్రంలో రాసుకున్న పేదరికం లేని సమాజానికి ఇదే దారి అన్నారు. పేర్లు బాగున్నాయి. గుడిసెలో ఉన్నవాళ్లను బంగారం అని పిలవడం మన నాయకులకు ఎప్పుడూ కష్టం కాలేదు.

నేను ఈ పథకం పెట్టినవాళ్ల మనసులో దురుద్దేశం ఉందని అనడం లేదు. ఒక డాక్టరో, ఒక ఫ్యాక్టరీ యజమానో నిజంగానే ఒక పిల్లను చదివించవచ్చు. చదివిస్తే ఆ పిల్ల బాగుపడుతుంది, నాకూ సంతోషమే. నా పేచీ వేరే చోట ఉంది. పేదవాడికి ప్రభుత్వం బాకీపడినదాన్ని డబ్బున్నవాడి దయగా మార్చి ఇస్తే, రేపు అది అందకపోతే ఎవరిని అడగాలి? రేషను బియ్యం రాకపోతే తహశీల్దారును నిలదీయవచ్చు. మార్గదర్శి రాకపోతే ఎవరి ఆఫీసు ముందు కూర్చోవాలి? ఇయ్యకపోతే అది ఆయన ఇష్టం. ఇస్తే ఆయన మంచితనం. రెండు విధాలా మన చేతులు జోడించే ఉండాలి.

మా ఇంటి సంగతి చెబుతాను. మా నాయన మామిడితోపు కాపలాదారు. తోట సామి చెడ్డవాడేమీ కాదు. పండక్కి బట్టలు పెట్టేవాడు. జ్వరం వస్తే మాత్రలు తెప్పించేవాడు. మా అక్క పెళ్లికి అడగకముందే డబ్బిచ్చాడు. మా అమ్మ ఆయన్ను దేవుడనే అనేది. ఆ డబ్బు తీరేదాకా మా అన్న తొమ్మిదో ఏట నుంచి ఆయన పశువులు తోలాడు. అప్పు ఎంతో మా నాయనకు తెలియదు, ఎంత తీరిందో తెలియదు, అడగాలని కూడా తెలియదు. నేను అదే తోటలో పెరగాల్సినవాణ్ణే. పక్క ఊరి బడి అయ్యవారు ఒకాయన మా నాయనతో గంటసేపు వాదించి నన్ను ఎస్టీ హాస్టల్లో చేర్చాడు. ఆ హాస్టలు గవర్నమెంటుది. అందులో అన్నంలో పురుగులుండేవి, నిజమే. కానీ ఆ అన్నం కోసం నేను ఎవరికీ దణ్ణం పెట్టలేదు. టీటీసీ చదివాను, డీఎస్సీ రాశాను, బళ్లోకొచ్చాను. మా అన్నకు ఇప్పటికీ సంతకం రాదు. ఒకే కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకడికి దాత దొరికాడు, ఒకడికి హక్కు దొరికింది. తేడా నా కళ్ల ముందే ఉంది కాబట్టే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఇక సత్యవేడు సంగతి. మీరు మరిచిపోయి ఉండరు. 2025 మే నెల. అంటే పీ4 మొదలై రెండు నెలలు కూడా నిండలేదు. ఒక యానాది కుటుంబం బాతులు మేపించే యజమాని దగ్గర పనికి కుదిరింది. పత్రికలు రాసిన ప్రకారం అప్పు 15 వేలు. ఇంటాయన చనిపోయాడు. అయినా అప్పు చావలేదు. తల్లి వెళ్లిపోతానంటే, డబ్బు కట్టేదాకా తొమ్మిదేళ్ల కొడుకును ఉంచిపొమ్మన్నారు. వస్తువును కుదువపెట్టుకున్నట్టు పిల్లవాణ్ణి పెట్టుకున్నారు. ఆమె డబ్బు కూడగట్టుకుని వచ్చేసరికి పిల్లవాడు లేడు. పోలీసులు కదిలాక తెలిసిందేమిటంటే పిల్లవాడు చనిపోయాడు, తల్లికి చెప్పకుండానే తమిళనాడులో పాలారు ఒడ్డున పూడ్చిపెట్టారు. తవ్వి బయటకు తీశారు. కేసు పెట్టారు, అరెస్టులు జరిగాయి. ఆ పైన కోర్టు చూసుకుంటుంది.

ఆ వార్త చదివిన రోజు నేను పంతులుగా నన్ను అడుక్కున్న ప్రశ్న ఒకటే. తొమ్మిదేళ్లంటే నాలుగో తరగతి. నా తరగతిలో కూర్చోవాల్సిన వయసు.

జూన్ 12న తల్లికి వందనం డబ్బులు పడ్డాయి. ఒక్కో బిడ్డకు 15 వేలు, అందులో తల్లి ఖాతాకు 13 వేలు, బడి నిర్వహణకు 2 వేలు. అప్పు ఎంతో, ఈ పథకం లెక్క కూడా అంతే. 15 వేలకు ఒక పిల్లవాడు తాకట్టులో ఉన్న జిల్లాలోనే, పిల్లవాడికి 15 వేలిచ్చే పథకం కూడా ఉంది. ఈ రెండు పదిహేను వేలు ఒకదాన్నొకటి కలుసుకోలేదు. ఎందుకు కలుసుకోవో చెప్పేవాళ్లు మన విధానాల కాగితాల్లో నాకు కనబడలేదు. నేను చెబుతాను.

పథకం అందాలంటే పిల్లవాడి పేరు బళ్లో ఉండాలి. హాజరు 75 శాతం ఉండాలి. తల్లికి ఆధార్ ఉండాలి, దానికి బ్యాంకు ఖాతా ముడిపడి ఉండాలి. రేషను కార్డు, హౌస్‌హోల్డ్ మ్యాపింగ్, ఈకేవైసీ. ఒక్కొక్క షరతూ విడిగా చూస్తే న్యాయంగానే ఉంటుంది. అన్నీ కలిపి చూస్తే బాతుల వెనకాల చెరువు చెరువుకూ తిరిగే తల్లి వాటిని దాటలేదు. అప్పు ఇచ్చేవాడికి ఈ షరతులు ఒక్కటీ లేవు. రాత్రి పదింటికి గుడిసె దగ్గరికొచ్చి నోట్లు లెక్కపెట్టి ఇస్తాడు. వేలిముద్ర కూడా అడగడు, వాడికి మన పిల్లలే వేలిముద్ర. మంచి పని చేసే చెయ్యి వంద తలుపుల వెనకాల ఉండి, చెడ్డ చెయ్యి గుమ్మంలో నిలబడి ఉంటే మనవాళ్లు దేన్ని పట్టుకుంటారు? ఆకలిగొన్నవాడు దగ్గరున్నదాన్నే పట్టుకుంటాడు.

ఇదే పథకానికి ముందు పేరు అమ్మఒడి. దాన్ని 2020 జనవరి 9న మన చిత్తూరులోనే మొదలుపెట్టారు. అప్పుడూ 15 వేలే. మధ్యాహ్న భోజనం పేరు మారింది, పుస్తకాల సంచి పేరు మారింది, పింఛను పేరు మారింది. ఐదేళ్లకోసారి మా బడి గోడల మీద అక్షరాలు చెరిపి మళ్లీ రాస్తారు. మా కాలనీలో గోడలే సరిగ్గా లేవు కాబట్టి అక్కడ ఆ ఖర్చు లేదు.

వెట్టిచాకిరీ రద్దు చట్టం సంగతి చాలామంది పంతుళ్లకే తెలియదు. అందుకే కొంచెం విడమరిచి చెబుతాను. 1975 అక్టోబరులో ఆర్డినెన్సుగా వచ్చి 1976లో చట్టమైంది. యాభై ఏళ్లు నిండాయి. అప్పు ఇచ్చి, దాని పేరుతో మనిషిని కదలనివ్వకుండా పని చేయించుకుంటే అది వెట్టి. గొలుసులు వేయనక్కర్లేదు. అడ్వాన్సు ఉంది, వేరే చోటికి పోయే వీల్లేదు, కూలి కనీస వేతనం కన్నా తక్కువ: ఇవి చాలు. కనీస వేతనం ఇవ్వకుండా చేయించుకున్న పని బలవంతపు పనే అవుతుందని 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ చట్టం కింద వెట్టి అప్పు మొత్తం రద్దు. కట్టాల్సిన పని లేదు. అది వెట్టి అప్పు కాదని నిరూపించుకునే బరువు అప్పు ఇచ్చినవాడి మీదే ఉంటుంది, మన మీద కాదు. ఈ ఒక్క సెక్షను మన కాలనీల్లో తెలిసి ఉంటే ఎన్ని కుటుంబాలు రాత్రికి రాత్రే లేచి వచ్చేవో! జిల్లా స్థాయిలోనూ, డివిజను స్థాయిలోనూ విజిలెన్సు కమిటీలు ఉండాలి. వాటిలో ఎస్సీ ఎస్టీ సభ్యులుండాలి. విచారణ జరిపి విముక్తి పత్రం ఇవ్వాల్సింది రెవెన్యూ అధికారి. ఎస్టీ మనిషి చేత వెట్టి చేయిస్తే అట్రాసిటీ చట్టం కూడా పడుతుంది.

విడిపించాక ఏమిటి? కేంద్ర పునరావాస పథకంలో మగవారికి లక్ష, ఆడవారికీ పిల్లలకూ 2 లక్షలు, మరీ ఘోరమైన సందర్భాల్లో 3 లక్షలు అని రాసి ఉంది. వెంటనే చేతికిచ్చేది 30 వేల వరకు. మిగతా డబ్బు నేరం రుజువై శిక్ష పడటంతో ముడిపడి ఉంది. మన కోర్టుల్లో శిక్ష పడేది ఎప్పటికి? అప్పటిదాకా విడుదలైన కుటుంబం ఏం తినాలి? విముక్తి పత్రం చేతికి రాకపోతే ఆ 30 వేలూ లేదు. అందుకే విడిపించిన కుటుంబాలు తిరిగి తిరిగి అదే గుంటల దగ్గరికి పోతాయి. ఇది యానాదుల బుద్ధి అని మన ఆఫీసుల్లో అంటారు. నేను నా చెవులతో విన్నాను. "వాళ్లంతే మాస్టారూ, ఒక చోట ఉండరు." ఎక్కడ ఉండమన్నారు? ఉండటానికి చోటు ఎవరిచ్చారు?

చోటు సంగతికే వస్తాను. శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు సూళ్లూరుపేట, గూడూరు వైపు నెల్లూరు నుంచి వచ్చి కలిశాయి. వాటితో పాటు వేలాది యానాది కుటుంబాలూ వచ్చాయి. ఆ దీవి అడవిలో యానాదులు ఎన్ని తరాలుగా ఉన్నారో లెక్క లేదు. బ్రిటిషువాళ్ల కాలంలో అక్కడి కట్టె కొట్టి మద్రాసు పట్నానికి వంటచెరకుగా పంపారు, కొట్టింది మనవాళ్లే. తర్వాత రాకెట్ కేంద్రం కోసం దీవిని తీసుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రాకెట్ ఎగిరింది. ప్రతి ప్రయోగానికీ నేను నా పిల్లలకు టీవీ చూపిస్తాను, చప్పట్లు కొట్టిస్తాను. దేశం గర్వపడాల్సిన పనే. కానీ ఆ దీవి నుంచి లేచిపోయిన కుటుంబాల మనవలు ఇవాళ ఎవరి చెరువుగట్టు మీద ఉన్నారో కూడా మన సాంఘిక శాస్త్రం పాఠంలో ఒక వాక్యం ఉండాలి. లేదు.

అంతకు ముందు చరిత్ర ఇంకా చేదు. నేరస్త జాతుల చట్టం కింద మద్రాసు రాష్ట్రంలో యానాదుల్నీ ఎరుకలవాళ్లనూ పుట్టుకతోనే దొంగలుగా రాసుకున్నారు. కావలిలో, స్టువర్టుపురంలో సెటిల్మెంట్లు కట్టి హాజరు వేశారు. మద్రాసులో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952లో. నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య గారి వంటివాళ్లు దాని రద్దు కోసం ఏళ్ల తరబడి తిరిగారు. ఆయన మన కులంవాడు కాదు, ఆ సంగతి కూడా చెప్పాలి. కానీ ఆయన మనల్ని దత్తత తీసుకోలేదు. మన సంఘం పెట్టించి, మన తరఫున చట్టాన్ని మార్పించాడు. సాయం చేసేవాడికీ సామికీ తేడా అక్కడుంది. సాయం చేసేవాడి వల్ల ఆయన లేకపోయినా మనకు మిగిలేది ఏదో ఒకటి ఉంటుంది.

మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో అయిదో షెడ్యూలు ప్రాంతం అంగుళం కూడా లేదు. కాబట్టి 1/70 చట్టం లేదు, పెసా లేదు. మనం గిరిజనులమే, మన నేల గిరిజన నేల కాదు. 2011 లెక్కల్లో ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఎస్టీలు నూటికి నాలుగు కూడా లేరు. ఊరికి ఇరవై ఇళ్లు, ముప్పై ఇళ్లు. ఇక కేంద్రం పథకాలు చూడండి. 2023లో వచ్చిన పీఎం జన్‌మన్ ప్రత్యేకంగా వెనకబడిన 75 తెగల కోసం. 24 వేల కోట్లకు పైగా ఖర్చు. ఆ జాబితాలో చెంచులున్నారు, యానాదులు లేరు. 2024 అక్టోబరులో మొదలైన ధర్తీ ఆబా గిరిజనులు ఎక్కువగా ఉండే 63 వేల పల్లెల కోసం. మన ఇరవై ఇళ్ల కాలనీ ఎక్కువ ఎట్లా అవుతుంది? ఊరి అంచున, చెరువు కింద, రోడ్డు మలుపులో ఉండేవాళ్లు ఏ ఊరిలోనూ ఎక్కువ కారు. యానాదుల పేరు మీద ఐటీడీఏ ఉంది, అది నెల్లూరులో ఉంది. కుప్పం దగ్గర కాలనీలో ఉన్న మనిషి ఒక్కరోజు కూలి మానుకుంటే నెల్లూరు చేరుకోగలడా? పథకాలను కొండలనూ అడవులనూ చూసి రాస్తారు. చెదిరిపోయి బతికే గిరిజనుడు ఆ చూపుకు ఆనడు.

భూమి సంగతీ అంతే. మనవాళ్లకు దొరికిందల్లా అక్కడక్కడా డీకేటీ పట్టాలు. అవి కూడా 1977 చట్టం పుణ్యాన అమ్మకానికి వీల్లేకుండా ఉన్నాయి కాబట్టి కొంతైనా కాగితం మీద మిగిలాయి. 2023లో ఆ చట్టాన్ని సవరించి, ఇచ్చి 20 ఏళ్లు దాటిన భూమిపై పూర్తి హక్కు ఇస్తామన్నారు. అమ్ముకునే స్వేచ్ఛ అన్నారు. ఎంత మంచి మాట! అప్పుల్లో ఉన్నవాడికి అమ్ముకునే స్వేచ్ఛ ఇస్తే కొనేది ఎవరు? అప్పిచ్చినవాడే కదా. తర్వాత ప్రభుత్వం మారింది, ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ అన్నారు. 2024 జులైలో మదనపల్లె సబ్ కలెక్టరు ఆఫీసులో ఫైళ్లు కాలిపోయిన సంగతి అందరికీ గుర్తుంది. మంచి చేస్తామన్నా, ఆపుతామన్నా, మన పేరు మీద ఉన్న అరెకరం సంగతి మనకు చెప్పి చేసినవాళ్లు లేరు.

ఇప్పుడు పాలన ఫోనులోకి వచ్చింది. 2025 జనవరి 30న వాట్సాప్‌లో మన మిత్ర మొదలైంది. మొదటి విడతలోనే 161 సేవలు. కులం సర్టిఫికెట్టు కోసం ఆఫీసుల చుట్టూ తిరగనక్కర్లేదు. నేను వాడాను, పని చేసింది. అబద్ధం చెప్పను. నాకు పని చేసింది ఎందుకంటే నాకు పేరుంది, పుట్టిన తేదీ ఉంది, ఆధార్ ఉంది, ఫోనుంది, చదువుంది. చెరువుగట్టున పుట్టిన బిడ్డకు జనన నమోదే ఉండదు. ఏడాది దాటాక నమోదు చేయించాలంటే మేజిస్ట్రేటు స్థాయి ఉత్తర్వు కావాలి. జనన పత్రం లేక ఆధార్ రాదు, ఆధార్ లేక బళ్లో అపార్ నంబరు రాదు, అపార్ లేదని పంతులు మీద పైనుంచి ఒత్తిడి. ఒక పాపకు ఆధార్‌లో ఒక పేరు, మా రిజిస్టరులో ఒక పేరు, వాళ్లమ్మ పిలిచేది ఇంకో పేరు. ఆ మూడూ కలపడానికి నేను ఆర్నెల్లు తిరిగాను. వాళ్లమ్మ నాలుగు రోజులు కూలి పోగొట్టుకుంది. అయిదోసారి రమ్మంటే "ఒద్దులే సార్, బిడ్డకి పేరెందుకు, బువ్వ చాలు" అంది.

నిజంగా మన బతుకులు బాగుచేయాలనుకుంటే చేయాల్సిన పని ఇది. కాలనీకే రండి. ఒక రోజు తహశీల్దారు, ఆధార్ యంత్రం, జనన నమోదు అధికారి, బ్యాంకు మనిషి నలుగురూ ఒకే చెట్టు కింద కూర్చోండి. సాయంత్రం దాకా, కూలి పని నుంచి వచ్చేదాకా ఉండండి. దానికి మార్గదర్శి అక్కర్లేదు. జీతం తీసుకునే అధికారి చాలు.

బడి సంగతి రాయకుండా పంతులు వ్యాసం ముగించకూడదు. 2022లో జీవో 117 వచ్చి మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని చాలాచోట్ల హైస్కూళ్లకు పంపారు. సబ్జెక్టు టీచర్లు దొరుకుతారన్నారు. 2025లో ఆ జీవో తీసేసి తొమ్మిది రకాల బళ్లు పెట్టారు. వాదన ఎటుపోయినా కిలోమీటరు దూరం అంటే ఊళ్లోవాళ్లకు ఒక లెక్క, మా కాలనీకి ఒక లెక్క. ఊరి వీధి గుండా పోవాలి. "యానాది పిల్లలు" అని పిలుస్తారు. ఏదైనా పోతే ముందు వీళ్ల సంచులు వెతుకుతారు. ఏడేళ్ల పిల్ల ఆ వీధిలో రోజూ రెండుసార్లు నడవాలి. ఆ పిల్ల బడి మానేస్తే మేం ఆన్‌లైన్‌లో డ్రాప్ బాక్సులో వేస్తాం. పెట్టె బాగానే ఉంది. అందులోంచి పిల్లను ఎవరు తీస్తారు? వలసపోయే కుటుంబాల పిల్లలకోసం సీజనల్ హాస్టళ్లు అనే పద్ధతి మన రాష్ట్రంలో ఉంది. కర్నూలు వైపు పత్తి, మిరప పనులకు పోయేవాళ్ల పిల్లలను తల్లిదండ్రులు తిరిగొచ్చేదాకా అట్లా బళ్లోనే ఉంచారు. బాతుల వెంట, ఇటుక బట్టీల వెంట పోయే మన పిల్లలకు శ్రీకాళహస్తిలోనో సత్యవేడులోనో అట్లాంటిది కావాలని ఎన్ని పంతుళ్ల సంఘాలు అడిగాయి? డీఏ కోసం అడిగినన్నిసార్లు అడిగామా? నన్నూ కలిపే అంటున్నాను.

మనలో మనం దాచుకునే మాట ఇంకొకటి ఉంది. చెబితే ఎరుకల, సుగాలి మిత్రులకు కోపం రావచ్చు. రాష్ట్రంలో మన కోటా 6 శాతం. అందులో సీట్లూ ఉద్యోగాలూ ఎవరికి ఎన్ని చేరుతున్నాయి? ఎస్సీల వర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పింది. 2025లో మన రాష్ట్రంలో ఎస్సీలను మూడు గ్రూపులు చేశారు. మన దగ్గర ఆ మాట ఎత్తితే ఐక్యత పోతుందంటారు. పైనున్నవాళ్లు కిందివాళ్లకు సాయం చేయాలని ప్రభుత్వం చెబితే వెక్కిరిస్తున్న నేను, మనలోనే పైనున్న నేను, లెక్కలు బయటపెట్టమని అడగకపోతే ఎట్లా? ముందు లెక్క బయటికి రానీయండి. తెగల వారీగా ఎవరు ఎక్కడున్నారో ప్రభుత్వం ప్రచురించనీ. ఆ కాగితం చూశాక పోట్లాడుకుందాం, ఫరవాలేదు.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, డిగ్రీ చదివి ఇళ్ల దగ్గర ఉన్నవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. మీ కాలనీ విజిలెన్సు కమిటీ ఎక్కడుందో, అందులో ఎస్టీ సభ్యుడు ఎవరో సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అడగండి. కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో తేదీ అడగండి. జవాబు రాకపోతే అప్పీలు వేయండి. ఒక్క ఊళ్లో ఒక్కరు వేస్తే నవ్వుతారు. ముప్పై ఊళ్లలో వేస్తే ఫైలు కదులుతుంది.

పంతుళ్లకు నేను చేస్తున్నదే చెబుతాను. హాజరు రిజిస్టరు పక్కన ఇంకొక నోటుపుస్తకం పెట్టుకున్నాను. ఏ బిడ్డ రాకపోతే ఆ బిడ్డ ఎక్కడికి పోయింది, ఎవరి వెంట పోయింది, ఇంట్లో ఎంత అడ్వాన్సు తీసుకున్నారు అని కాలనీకి పోయి అడిగి రాసుకుంటాను. అడ్వాన్సు అని వినబడగానే తేదీ వేసి, పేరు రాసి, ఒక కాపీ రెవెన్యూ ఆఫీసుకు ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకుంటాను. మొదట ముద్ర వేయనన్నారు. "ఇది మీ పని కాదు కదా మాస్టారూ" అన్నారు. నేను సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను, వేశారు.

ఈ ఏడాది ఆ పుస్తకంలో పదకొండు పేర్లున్నాయి. ఏడుగురు తిరిగి బడికొచ్చారు. ఇద్దరు ఇటుక బట్టీలో ఉన్నారు, బట్టీ ఎక్కడో తెలిసింది. ఒక పిల్ల పెళ్లయిపోయిందన్నారు, పదమూడేళ్లు. పదకొండో పేరు పక్కన "బాతులు, అరవనాడు వైపు" అని మాత్రమే రాసి ఉంది. వచ్చే సోమవారం వాళ్ల అవ్వ దగ్గరికి మళ్లీ పోతున్నాను.